కన్యాశుల్కమున వేషాంతరము: పాత్రాభినయమునందలి యొక సమస్య

పాత్రపోషణమను మాటను మనము రెండర్థములలో వాడుచున్నాము. కవి తన రచనలో పాత్రను పెంచుట యొకటి; నటుడు దానిని రంగముపై నిలుపుట వేరొకటి. మొదటి విషయమున మన విమర్శ విరివిగా సాగినది. రెండవ విషయమున నటుని ప్రశంస యున్నంతగా అతని పనిని గూర్చిన విచారణ లేదు. ఈ వ్యాసమున గురజాడ అప్పారావు (1862–1915) కన్యాశుల్కమును లక్ష్యముగా గొని, నటుడెదుర్కొను ఒక సమస్యను మాత్రము పరిశీలింతము. 1892లో విజయనగరమున తొలిసారి ప్రదర్శితమైన ఈ నాటకము 1909లో మిక్కిలి మార్పులతో రెండవ కూర్పుగా వెలువడినది. ఇచ్చట గ్రహించినది ఆ రెండవ కూర్పే.

నాట్యశాస్త్రము అభినయమును ఆంగికము, వాచికము, ఆహార్యము, సాత్త్వికము అని నాలుగు విధములుగా విభజించినది. వేషము, భూషణములు, అంగరచన ఆహార్యమున జేరును. నటుడు వేషము ధరించి పాత్రయగుననుట సామాన్య సూత్రము. కాని పాత్రయే వేరొక వేషము ధరించినప్పుడు నటుడేమి చేయవలెను? కన్యాశుల్కమున ఈ ప్రశ్న మూడు తావుల మూడు రీతుల పుట్టుచున్నది.

మొదటిది కరటకశాస్త్రి శిష్యుని వేషము. లుబ్ధావధాన్లకు వధువుగా కూర్చబడిన ఆడుపిల్ల నిజమునకీ కుర్రవాడే. ఇతని నటనకు సరదా ఒక ప్రేరణ, పట్టుబడుదునేమోనను బెదురు మరియొక ప్రేరణ. నటుడు ఆడుపిల్ల హొయలను నిర్దుష్టముగా అనుకరించినచో ప్రేక్షకుడు మెచ్చుకొనునుగాని, అందు శిష్యుడు కనబడడు. ఆడుపిల్ల నడకలో కుర్రవాని తొందర అప్పుడప్పుడు తొంగిచూడవలెను. అది లుబ్ధావధాన్ల కంటబడక ప్రేక్షకుని కంటనే పడవలెను.

రెండవది గిరీశము. ఇతనికి వేషము మార్చుకొను పనిలేదు. మాటయే ఇతని ఆహార్యము. వెంకటేశముకడ గురువు, అగ్నిహోత్రావధాన్లకడ వినయశాలి, బుచ్చమ్మకడ సంస్కర్త, పూటకూళ్లమ్మ వచ్చినప్పుడు మంచము క్రింద దాగు పిరికివాడు. పలువురు నటులు ఇతనిని హాస్యగానిగా మాత్రము భావించి, ప్రతి కోతకును తామే ముందుగా నవ్వుదురు. అట్లు చేసినచో బుచ్చమ్మ ఇతనిని నమ్ముటకు కారణముండదు. ఆమె తెలివితక్కువదిగా మాత్రము తోచును. గిరీశము తన మాటను, అది పలుకుచున్నంత సేపు, తానే నమ్మును. రష్యా దేశపు నటశిక్షకుడు స్టానిస్లావ్‌స్కీ (1863–1938) పాత్ర ప్రతి ఘట్టమునందును ఏమి సాధింపగోరుచున్నదో నటుడు విచారించుకొనవలెనని బోధించెను. ఆ ప్రశ్న గిరీశమునకు మిక్కిలి యుపయుక్తము. ఇతడు నవ్వింపగోరుటలేదు, ఎదుటివానిచే ఔననిపించుకొనగోరుచున్నాడు. నవ్వు ప్రేక్షకునికి దానంతట కలుగును.

మూడవది, మిక్కిలి కష్టమైనది, మధురవాణి. సౌజన్యారావు పంతులు వేశ్యలతో మాటాడనని వ్రతము పూనిన న్యాయవాది. లుబ్ధావధాన్లపై వచ్చిన హత్యాభియోగము తప్పిపోవలెనన్నచో, మాయమైన వధువు మగపిల్లవాడని ఆయనకు తెలియవలెను. ఆ మాట చెప్పుటకు మధురవాణి మగవేషముతో పోవలసి వచ్చినది. శిష్యునకు వేషము ఆట. గిరీశమునకు అది అలవాటు. ఈమెకు అదియే లోనికి పోవుటకు గల ఒకే త్రోవ. స్వరూపముతో వచ్చినచో మూసికొను తలుపు మగవేషమునకు తెరచుకొనినది.

స్త్రీపాత్రధారణమున సుప్రసిద్ధుడైన స్థానం నరసింహారావు (1902–1971) ధరించిన పాత్రలలో మధురవాణియు గలదు. పురుషుడు ఆ పాత్ర ధరించినప్పుడు సమస్య మూడంతరువులది: పురుషుడైన నటుడు, అతడు పోషించు స్త్రీ, ఆ స్త్రీ ధరించిన పురుషవేషము. ఇచ్చట నటునకు ఒక సులభమార్గము పొంచియుండును. చీర విడిచి, తన సహజమైన నడకకును గొంతుకును మరలిపోవుటయే అది. అట్లు చేసినచో మధురవాణి రంగమునుండి నిష్క్రమించినట్లే. నేడు స్త్రీలే ఈ పాత్ర ధరించుచున్నారు గనుక ఆ ప్రమాదము తొలగినది. కాని మీసముతో నవ్వించు ప్రలోభము మిగిలియున్నది.

దీనికొక సాధన తోచుచున్నది. మధురవాణి పురుషచేష్టలను ఎవరినుండి నేర్చియుండును? తన యింటికి వచ్చిపోవు గిరీశము, రామప్పంతులు మొదలగువారినుండియే. కావున నటి పురుషసామాన్యమును అనుకరింపక, తన తోడినటుడు రామప్పంతులుగా కూర్చుండు తీరును, ఉత్తరీయము సవరించుకొను తీరును అభ్యాసకాలమున గమనించి, వానినే కొంచెము మెరుగుపెట్టి గ్రహింపవచ్చును. అప్పుడు వేషమే ఆమె గతజీవితమును సూచించును. ఆంగికమును ఇట్లు ఎరవు తెచ్చుకొన్నను, సాత్త్వికము ఆమెదిగానే నిలువవలెను. ముద్దును ప్రతిఫలముగా కోరి, తల్లి నేర్పిన నీతిని తలచి తుదకు దానిని తానే వదలుకొనునప్పుడు, ఆ నిగ్రహము అంతకుముందే ఆమె చూపులో, మౌనములో బీజముగా నాటబడియుండవలెను. అట్లుకానిచో ఆ త్యాగము ఆకస్మికముగా తోచును.

ప్రహసనప్రాయమైన ఘట్టములకింత విచారణ యేల, ప్రేక్షకుడు నవ్వినచో చాలదా యని కొందరనవచ్చును. నాటకమున హాస్యము ప్రధానమనుట నిజమే. కాని తుదిరంగమున పరీక్షకు నిలిచినది మధురవాణి చాతుర్యము మాత్రమే కాదు, సౌజన్యారావు వ్రతము కూడ. మంచివాడైన సంస్కర్త ఎవరిని తన గడప త్రొక్కనీయడో, ఆమె వలననే అతనికి నిజము తెలియుచున్నది. మగవేషము వినోదముగా దిగజారినప్పుడు ఈ ప్రశ్న ప్రేక్షకునికి చేరదు. నాటకము సంస్కర్తను మెచ్చుకొనుటతో ముగిసినట్లగును.

పై మూడింటిని బట్టి యొక సూత్రము చెప్పవచ్చును. పాత్ర నటించునప్పుడు, ఆ నటన యెంత నేర్పుగా నుండవలెనో నిర్ణయించునది నటుని సామర్థ్యము కాదు, పాత్ర సామర్థ్యము. శిష్యుడు నటింపగలిగినంతయే శిష్యుని వేషధారి నటింపవలెను. మధురవాణి దాచగలిగినంతయే ఆమె పాత్రధారిణి దాచవలెను. తన నేర్పును పాత్ర నేర్పునకు లోబరచుట ప్రశంస తెచ్చు పని కాకపోవచ్చును. విద్యార్థినటులకు పద్యపఠనము, వాచికశుద్ధి నేర్పుచున్న మన శాఖలు ఈ నిగ్రహమును గూడ పాఠముగా స్వీకరించుట యుక్తము.