ఎర్త్‌సీ డ్రాగన్ల భాష

అర్సులా లెగ్విన్ (1929–2018) ‘ఎర్త్‌సీ’ అనే ద్వీపాల లోకాన్ని కల్పించి, 1968 నుంచి 2001 దాకా దాని మీద ఆరు పుస్తకాలు వెలువరించారు. మాంత్రికుల కథలు కదా, పిల్లలకు చాలు అని వీటిని పక్కన పెట్టేవారున్నారు. తెలుగునాడుకు బయట తెలుగు మాట్లాడుకునే మనవంటివారు మాత్రం, ఇందులోని డ్రాగన్ల కోసమైనా వీటిని చదవాలని నా అభిప్రాయం.

రెక్కలు, పొలుసులు, నోట నిప్పు ఏ డ్రాగన్‌కైనా ఉండేవే. లెగ్విన్ వాటికి అదనంగా ఇచ్చింది భాష. లోకం పుట్టిననాటి ఆదిభాష వాటికి పుట్టుకతోనే వస్తుంది. మనుషులకు రాదు. మాంత్రికుడు కాగోరినవాడు రోక్ దీవిలోని బడికి వెళ్లి, ఒంటరి బురుజులో కూర్చుని, ఒక్కొక్క వస్తువు అసలు పేరూ జాబితాలు చూసి కంఠస్థం చెయ్యాలి. ఇక్కడ రచయిత్రి ఒక నియమం పెట్టారు. ఆ భాషలో మనిషి అబద్ధమాడలేడు. డ్రాగన్ ఆడగలదు, నిజమైన మాటలనే మెలితిప్పి వినేవాణ్ణి దారి తప్పించగలదు.

ఈ నియమంలో లోతైన భాషాజ్ఞానం ఉంది. జాబితా చూసి నేర్చినవాడు ఉన్నది ఉన్నట్టే చెప్పగలడు. బుకాయింపు, వెటకారం, గారం, శాపనార్థం ఇంటి భాషలోనే చేతనవుతాయి. హోసూరు వైపు పల్లెల్లో అక్షరం ముక్క రాకపోయినా ఈ నాలుగూ తెలుగులో నడిపించే అవ్వలున్నారు. చదవడం రాదు గనుక వాళ్లకు తెలుగు రానట్టేనని తీర్పు చెప్పే పెద్దలు ఈ డ్రాగన్లను ఒకసారి కలుసుకోవాలి.

అలాగని రచయిత్రి పుట్టుకకు పూర్తి పూచీ ఇవ్వలేదు. ‘ది ఫార్దెస్ట్ షోర్’ (1972) నవలలో లోకానికి ఒక తెగులు పట్టి, మంత్రాలూ పాటలూ పేర్లూ మరుపున పడతాయి. చివరికి డ్రాగన్లకూ మాట పోతుంది. మాట పోయినవి వట్టి మృగాలై సొంత జాతినే తింటాయి. రెక్కలు పోలేదు, నిప్పు ఆరలేదు. పోయింది భాష ఒక్కటే. ఆరు పుస్తకాలలోనూ నన్ను ఎక్కువగా భయపెట్టిన ఘట్టం ఇదే.

‘టెహాను’ (1990)లో వాటి పూర్వకథ వస్తుంది. ఒకప్పుడు మనుషులూ డ్రాగన్లూ ఒకే జాతి. గాలినీ స్వేచ్ఛనూ కోరినవారు ఇల్లూ వాకిలీ వదిలేశారు. కూడబెట్టి పిల్లలకు అప్పగించాలనుకున్నవారు కోటలు కట్టుకుని మనుషులయ్యారు. కథ బాగుంది. కానీ బ్యాంకులో పద్దు తేలనిదే ఇంటికి కదలలేని ఉద్యోగం నాది, అందుకని అడుగుతున్నాను. మొదటి నవల ‘ఎ విజార్డ్ ఆఫ్ ఎర్త్‌సీ’ (1968)లో పెండోర్ దీవి డ్రాగన్ యెవాడ్, తన నిధిలోంచి తొమ్మిది రాళ్లు ఏరుకొమ్మని కథానాయకుడు గెడ్‌కు ఆశ చూపుతుంది. సొత్తు వద్దనుకున్న జాతికి నిధి ఎందుకు? 22 ఏళ్ల ఎడంతో వచ్చిన ఈ రెండు నవలల మధ్య లెక్క పూర్తిగా కుదరలేదు.

ఆ లోటును మరిపించేది థెర్రు అనే పాప. సొంతవాళ్లే నిప్పులో పడేస్తే ముఖమూ చెయ్యీ కాలి, గొంతు బొంగురుపోయిన పిల్ల. మాట్లాడటమే తక్కువ. ‘టెహాను’ చివర, తనను పెంచినవారు ఆపదలో చిక్కుకున్నప్పుడు, ఎవరూ నేర్పని ఆదిభాషలో కలెసిన్ అనే వృద్ధ డ్రాగన్‌ను పిలుస్తుంది. కలెసిన్ వచ్చి ఆ పాపను తన బిడ్డగా పలకరిస్తుంది.

ఈ పిలుపు బరువు తెలియాలంటే ముందు ‘ది ఫార్దెస్ట్ షోర్’లోని మూగ డ్రాగన్లను చూసి ఉండాలి. కొత్తగా మొదలుపెట్టేవారు వరస తప్పించకుండా చదవాలని నా మనవి.