విజ్ఞానశాస్త్ర బోధనోపకరణములు: యానాం దృష్టితో ఒక విమర్శ

విజ్ఞానశాస్త్రము బోధించుటకు సామగ్రి లేదను మాట మన పాఠశాలలలో తరచుగ వినవచ్చును. ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకు పాఠము చెప్పు ఉపాధ్యాయుడు మొదట అడుగునది ఇదియే: ప్రయోగములు ఎక్కడ దొరకును? పటములు, పరికరములు ఎవరిత్తురు? ఈ ప్రశ్న న్యాయమైనదే. కాని దీనికి లభించుచున్న సమాధానములను మేము పరిశీలింపగా, లోపము సామగ్రిలో కంటె దానిని ఎన్నుకొను తీరులో ఎక్కువగ కనబడినది. యానాం పిల్లలను దృష్టిలో నుంచుకొని ఈ విషయమును ఇచ్చట కొంత విచారింతుము.

యానాం 1954 వరకు ఫ్రెంచివారి పాలనలో నుండెను. 1962 ఆగస్టు 16న చట్టరీత్యా భారతదేశమున చేరెను. పుదుచ్చేరి, కారైకాల్ బడులకు తమిళనాటి పాఠ్యక్రమము, మాహేకు కేరళ పాఠ్యక్రమము, యానాంకు ఆంధ్రుల పాఠ్యక్రమము, ఇట్లు చిరకాలము నడచినది. 2024-25 నాటికి అచ్చటి ప్రభుత్వ పాఠశాలలు కేంద్రీయ మాధ్యమిక విద్యామండలి విధానమునకు మారినవి. తెలుగు వాచకముతో చదువుకొన్న తలిదండ్రుల బిడ్డలు నేడు ఆంగ్ల వాచకము చంకనిడుకొని యింటికి వచ్చుచున్నారు. ఈ మార్పు మంచిదా చెడ్డదా అని తీర్పు చెప్పుట మా ఉద్దేశము కాదు. వచ్చిన పుస్తకమును ఎట్లు వాడుకొనవలెనో తెలిసికొనుట ముఖ్యము.

జాతీయ విద్యా పరిశోధన, శిక్షణ మండలివారి నూతన విజ్ఞాన వాచకము పేరు ‘క్యూరియాసిటీ’. ఆరవ తరగతి పుస్తకము 2024లోను, ఏడు, ఎనిమిది తరగతులవి 2025లోను వెలువడినవి. అయస్కాంతములు, ఉష్ణోగ్రత, నీటి యవస్థలు, మిశ్రమములను వేరుచేయుట మున్నగు ఆరవ తరగతి పాఠములు ఇంటనుండు వస్తువులతోనే మొదలగుట మెచ్చదగినది. ఎనిమిదవ తరగతిలో పీడనము, గాలులు, తుపానులు ఒకే పాఠమున చేర్చుట మరింత మెచ్చదగినది. అయినను రెండు లోపములు చెప్పక తప్పదు. ప్రయోగము చేయుమన్న వెంటనే దాని ఫలితమునకు దారి చూపు వాక్యములు పలుచోట్ల కలవు. ఆ వాక్యము చదివిన బాలుడు ప్రయోగమేల చేయును? రెండవది, దేశమంతటికి ఒక్కటే పుస్తకమగుటచేత ఏ ఊరి నేలయు, ఏ ఊరి నీరును అందు పూర్తిగ చేరజాలవు. ఈ రెండవదానిని గ్రంథకర్తల తప్పుగ మేము ఎంచము. దానిని పూరింపవలసినది ఆ యా ఊరివారే.

మొదటి లోపమునకు మందు మన దేశముననే ఒకప్పుడు కనుగొనబడినది. మధ్యప్రదేశములోని హోషంగాబాదు జిల్లాలో 1972లో 16 మాధ్యమిక పాఠశాలలలో ఒక బోధనోద్యమము ఆరంభమై, 1978లో జిల్లా యంతట వ్యాపించెను. అచ్చటి పుస్తకమున ప్రశ్నలు, ప్రయోగములు ఉండెను గాని జవాబులు ఉండెడివి కావు. పిల్లలు నలుగురేసి కూడి పని చేసి, తాము చూచినది తామే వ్రాసికొనెడివారు. పరీక్షలో పుస్తకము తెరచి చూచుకొనుటకు అనుమతి యుండెను. చేతిపని కూడ పరీక్షింపబడెడిది. 2002లో ప్రభుత్వము దానిని ముగించెను. దానినుండి మనము గ్రహింపవలసినది పెట్టెలోని సామగ్రి కాదు; పరీక్ష మారక బోధన మారదను నీతి.

ప్రయోగముల కొరకు వెదకువారికి యునెస్కోవారు 1956లో ప్రకటించిన విజ్ఞానబోధన మూలగ్రంథము నేటికిని గొప్ప గని. యుద్ధమున ధ్వంసమైన దేశముల బడులకై 1948లో వ్రాయబడిన చిన్న పుస్తకము దానికి మాతృక. డబ్బాలు, సీసాలు, తీగలతో పరికరములు చేసికొను విధమంతయు అందు కలదు. ఆ మార్గముననే నడచిన అరవింద గుప్తాగారు అగ్గిపుల్లలు, సైకిలు వాల్వుట్యూబు ముక్కలతో ఆకృతులు కట్టుట నేర్పి ఎందరో పిల్లలకు ప్రియులైరి. మన తెలుగున జనవిజ్ఞాన వేదికవారి ‘చెకుముకి’ పత్రిక బాలుర కొరకే విజ్ఞానమును అందించుచున్నది. కనుక సామగ్రి లేదనుట నిజము కాదు. అయితే బొమ్మ ఆడగానే పిల్లలు చప్పట్లు కొట్టి, గంట మ్రోగగానే లేచిపోయినచో అది వినోదమే యగును. “ఇది ఎందుకాడినది? దీనిని ఆడకుండ చేయుటెట్లు?” అని అడిగినపుడే అది పాఠమగును.

మేము ఒకానొక పాఠశాలలో తాళము వేసిన బీరువాను చూచితిమి. అందు గాజు పరికరములు కట్టిన కాగితముతోనే ఉన్నవి. పగిలినచో లెక్క చెప్పవలెనను భయమున ఎవరును వానిని వెలికి తీయరు. ఇంకొకచోట విజ్ఞాన ప్రదర్శనము చూచితిమి. వంటసోడా, వెనిగరు పొంగు అగ్నిపర్వతములు వరుసగ ఆరు కలవు. అన్నియు ఒకే దుకాణమున కొన్నవి. వాని ప్రక్క నిలిచిన పిల్లలకు కంఠస్థమైన ఉపన్యాసము తప్ప వేరేమియు తెలియదు. ఇందు ఉపాధ్యాయులనే నిందింపరాదు. ముందటి రాత్రి ఆ బొమ్మను కొని తెచ్చినవారము మనమే.

పుస్తకములలోని ప్రయోగములను కూడ కన్నులు మూసికొని తీసికొనరాదు. ఒక ఉదాహరణము. సీసా మూతికి బుడగ రబ్బరు బిగించి, దానిపై పుల్లనంటించి, వాయుపీడనమును కొలువవచ్చునని పలు పుస్తకములు చెప్పుచున్నవి. బయటి పీడనము తగ్గినపుడు రబ్బరు పైకుబుకుట నిజమే. కాని సీసాలోని గాలి వేడెక్కినను రబ్బరు అట్లే ఉబుకును. పది డిగ్రీల వేడి పెరిగినచో మూసిన గాలి పీడనము నూటికి సుమారు మూడు వంతులు పెరుగును. పెద్ద తుపానులో బయటి పీడనము తగ్గుటయు ఇంచుమించు ఆ మాత్రమే. కావున ఎండ కాసిన మధ్యాహ్నము ఆ పుల్ల తుపాను వచ్చినదని చెప్పును! దీనిని పారవేయవలెనని మేము చెప్పము. సీసా ప్రక్క ఉష్ణమాపకము నుంచి, రెండింటిని నెల దినములు వ్రాయించి, పుల్ల ఎప్పుడు అబద్ధమాడినదో పిల్లలచేతనే పట్టింపవలెను. తప్పు పరికరమే మంచి పాఠమగును.

ఈ పాఠము యానాంకు పరాయిది కాదు. సమీపముననున్న కోరంగి రేవు 1839 నవంబరు తుపానులో నాశనమైనది. బంగాళాఖాతపు గాలివానలను పరిశీలించిన పిడ్డింగ్టను 1848 నాటి తన గ్రంథమున వానికి ‘సైక్లోన్’ అని పేరు పెట్టెను. 1996 నవంబరు 6 రాత్రి ఈ తీరమునే తాకిన తుపాను వేయిమందికి పైగా ప్రాణములు గొన్నది. ఆ రాత్రిని కన్నవారు ఎందరో ఇండ్లలో నున్నారు. గాలి మొదట ఏ దిక్కున వీచినది, నడుమ ఆగినదా, పిదప ఎటు తిరిగినది అని వారిని అడిగి వ్రాసికొను బాలునికి గాలి సుడి తిరుగు తీరు పటము చూపకయే తెలియును.

గోదావరియే పెద్ద ప్రయోగశాల. గౌతమీపాయలో వరద దినముల నీరు తియ్యన, వేసవి నీరు ఉప్పన. పానీయము త్రాగు గొట్టమునకు అడుగున బంకమన్నద్ది నీట తేల్చినచో, ఉప్పునీట అది కొంచెము పైకి లేచును. నెలకొక్కసారి ఆ గీత గుర్తించినచో సాంద్రత పాఠము పూర్తియగును. ఎర్రనీరు వచ్చిన దినములలో పులస సముద్రమునుండి ఏల ఎదురెక్కునను ప్రశ్న దానితోనే పుట్టును. పెద్దల సమక్షమున రేవున గెడ పాతి, పోటు వచ్చు వేళ గుర్తించినచో, అది దినమునకు సుమారు 50 నిమిషములు ఆలస్యమగుట కనబడి చంద్రునితో లెక్క కుదురును. కోరంగి మడ అడవిలో తెల్లమడ ఆకుపై ఉప్పు పొర, బురదలోనుండి నిలువుగ లేచిన ఊపిరి వేళ్లు ఏ పటముకంటెను స్పష్టముగ మాటలాడును.

ఇచ్చట భాషను గూర్చి ఒక మాట. పాత తెలుగు వాచకములన్నియు గొప్పవని మేము వాదింపము. “కిరణజన్య సంయోగక్రియ” అను మాటను అర్థము తెలియకయే వల్లించిన తరము మాది. పరభాషా పదమైనను, సంస్కృత పదమైనను, వస్తువు ముందు రాక మాట ముందు వచ్చినచో భారమే. కాని పోటు, పాటు, మడ, ఎర్రనీరు, వాయుగుండము అను మాటలు పిల్లవాడు వస్తువుతోపాటు నేర్చినవి. ఆంగ్ల పాఠమునకు అవి అడ్డు కావు, మెట్లు. అవి బడి గుమ్మము దాటనిచో, తన ఇంట తెలిసినదేదియు విజ్ఞానము కాదని బాలుడు తలచును. తమిళనాట, ఉత్కళమున, మరెచ్చటనో స్థిరపడిన మన కుటుంబములకు ఈ నష్టము కొత్తది కాదు.

1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణము చూచుటకు ఫ్రెంచి పండితుడు జాన్సెన్ గుంటూరు వచ్చెను. గ్రహణము ముగియగానే పరికరము కట్టిపెట్టక, గ్రహణము లేకయే ఆ సూర్యజ్వాలలను చూడవచ్చునా అని తనలో ప్రశ్నించుకొని, మరునాడే చూచెను. పరికరము నిన్నటిదే, ప్రశ్న కొత్తది. మన బడులకు కావలసినది అట్టి మరునాడు.

కావున మా విన్నపము స్వల్పమైనది. సంఘ సభ్యులు పాఠశాలకు మరొక బీరువా దానము చేయుటకు ముందు, ఉన్నదాని తాళము తీయింపుడు. పగిలిన గాజుకు తామే బాధ్యులమని ఉపాధ్యాయునికి వ్రాసి యిండు. ప్రదర్శనమునకు బొమ్మ కొనక, బిడ్డను ఒక ఆదివారము ఉదయమున రేవునకు తీసికొనిపొండు. అచ్చట వాడడుగు ప్రశ్నకు జవాబు మీకు తెలియకున్నను చింత లేదు. దానిని కాగితముపై వ్రాయించి, సోమవారము బడికి పంపుడు.