తడి ఆరేలోగా

ఆదివారం ఉదయం ఆరింటికల్లా దుర్గం చెరువు గట్టు మీద ఉంటాను. కేబుల్ బ్రిడ్జికి వీపు పెట్టి, ఇంకా మిగిలిన బండలకు ఎదురుగా కూర్చుంటాను. ఒళ్లో అట్ట, దానికి టేపుతో అంటించిన మందపాటి కాగితం, రెండు బ్రష్షులు, సీసాలో నీళ్లు. నీటిరంగులకు ఇంతకు మించి సరంజామా అక్కర్లేదు.

మే నెలలో ఇక్కడ ఆకాశం వెయ్యడం కష్టం. పైనుంచి నీలం పూత దించుకొస్తుంటే సగంలోనే కాగితం ఆరిపోయి గీత పడుతుంది. అందుకని అట్టను కాస్త వాలుగా పెడతాను. రంగంతా కిందికి జారి పూత అంచున బొట్టుగా నిలుస్తుంది. ఆ బొట్టు ఆరకముందే తర్వాతి పూత దాన్ని అందుకోవాలి. తెల్లరంగు విడిగా వెయ్యం. నీటి మీద మెరుపు కావాలంటే అంతమేర కాగితాన్ని ముట్టుకోకుండా వదిలెయ్యాలి.

ఈ విద్యలో నేను మనసులో గురువుగా పెట్టుకున్నది దామెర్ల రామారావు గారిని. 1897లో పుట్టారు. దేవులపల్లి కృష్ణశాస్త్రి పుట్టిందీ ఆ ఏడాదే. 1925లో కృష్ణశాస్త్రి 'కృష్ణపక్షం' వెలువడింది. అదే ఏడాది ఫిబ్రవరి 6న రామారావు మశూచితో పోయారు. అప్పటికింకా 28 ఏళ్లు నిండలేదు. భావకవిత్వం గురించి ఇంత చెప్పుకుంటాం కదా, ఆ గాలే సోకిన చిత్రకారుడి పేరు మన పిల్లలకు ఎందుకు చెప్పం?

రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే స్వయంగా నీటిరంగులు వేసేవారు. అడివి బాపిరాజుకూ ఆయనే గురువు. రామారావు చేతిలోని పనితనం చూసి 1916లో బొంబాయి జేజే స్కూల్ ఆఫ్ ఆర్ట్‌కు పంపించారు. అక్కడ చదువు ముగిశాక రామారావు దేశం తిరిగారు, గుజరాత్ వైపూ వెళ్లారు. చివరికి సొంతూరు చేరి చిత్రకళాశాల పెట్టారు. 'సిద్ధార్థ రాగోదయం', 'పుష్పాలంకారం' లాంటి బొమ్మలకే ఆయనకు ఎక్కువ పేరు. నన్ను కట్టిపడేసేవి మాత్రం ప్రకృతి దృశ్యాలు, అందులోనూ తూర్పు కనుమల్లోని గోదావరి. పాపికొండల దగ్గర లాంచీ ఎక్కినవాళ్లకు తెలుసు, అక్కడ కొండ నీడ ఎక్కడ ఆగిందో నది ఎక్కడ మొదలైందో కంటికి ఆనదు. ఆ చోటును కాగితం మీద పట్టుకోవాలంటే తడి మీద తడి వెయ్యాలి. ఒక్క క్షణం ఆలస్యమైతే నీడ మరకైపోతుంది.

ఇంగ్లండు చిత్రకారుడు టర్నర్ కూడా తిరుగుడు మనిషే. 1802లో ఆల్ప్స్ కొండలెక్కాడు, 1819లో వెనిస్ చూశాడు. పోయిన చోటల్లా చిన్న నోటుపుస్తకాల్లో పెన్సిల్‌తో గీసుకుని, ఇంటికొచ్చాక వాటిలోంచి సముద్రాలను, తుపాన్లను లేపాడు. 76 ఏళ్లు బతికాడు. రామారావుకు అందులో సగం ఆయుష్షు కూడా దక్కలేదు. ఇంకో ఇరవయ్యేళ్లుంటే మన గోదావరి ఎన్ని కాగితాల మీద పారేదోననిపిస్తే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది.

మా మాదాపూర్ బండల విషయానికొస్తే, ఇవి 250 కోట్ల ఏళ్ల నాటివని భూగర్భ శాస్త్రం చెబుతుంది. బూడిద రంగు అనుకుంటాం కానీ దగ్గరికెళ్లి చూస్తే ఎండ వైపు ఇటుక రంగు, నీడ వైపు వంగపండు ఛాయ, వాన నీళ్లు కారిన చోట నల్లటి చారలు. కుతుబ్‌షాహీల కాలంలో గోల్కొండ కోటకు ఈ చెరువు నీళ్లే వెళ్లేవి. 1998లో సైబర్ టవర్స్ మొదలయ్యాక ఈ చుట్టుపక్కల ఎన్ని బండలు పేలిపోయాయో లెక్క పెట్టినవాళ్లు లేరు. మా అపార్ట్‌మెంట్ ఎదుట ఒకదాని మీద ఒకటి మూడు రాళ్లు నిలబడి ఉండేవి. మూడు ఆదివారాలు కూర్చుని వేశాను. పై రాయి కింద నీడ సరిగా కుదరలేదు, నాలుగో వారం సరిదిద్దుదామనుకున్నాను. వెళ్లేసరికి అక్కడ పునాది గుంట ఉంది. సరిగా కుదరని ఆ బొమ్మ నా దగ్గరే ఉంది. ఆ రాళ్ల ఆనవాలు నాకు తెలిసి అదొక్కటే. అప్పటినుంచి ఏ బండనూ వచ్చే వారానికి వాయిదా వెయ్యడం లేదు.

రామారావు పోయాక ఆయన బొమ్మలు చెల్లాచెదురు కాకుండా కాపాడింది మిత్రుడు వరదా వెంకటరత్నం. రామారావు భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ కూడా చిత్రకారులే. రాజమండ్రిలో దామెర్ల పేరు మీదే ఆర్ట్ గ్యాలరీ ఉంది. ఈసారి అటు వెళ్లినప్పుడు గోదావరి స్నానం చేసి, పూతరేకులు కట్టించుకుని రైలెక్కెయ్యకండి. ఒక్క గంట ఆ గ్యాలరీలో కూర్చోండి, పిల్లలనూ తీసుకెళ్లండి. తిరిగొచ్చాక మీ వీధి చివర మిగిలిన బండ ముందు వాళ్లకొక పెన్సిల్, ఒక తెల్లకాగితం ఇవ్వండి.