సమానత్వం, సమన్యాయం: ఒక విద్యానివేదికపై పరిశీలన

ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ 2012లో వెలువరించిన 'ఈక్విటీ అండ్ క్వాలిటీ ఇన్ ఎడ్యుకేషన్' అనే నివేదికను తెలుగు చేయబూనినవారికి పేరులోనే చిక్కు ఎదురవుతుంది. 'ఈక్వాలిటీ'కి ముసావాత్ అనీ, 'ఈక్విటీ'కి ఇన్సాఫ్ అనీ మన ఇళ్ళలోనే వేర్వేరు మాటలున్నాయి. తెలుగులో మాత్రం రెండింటికీ 'సమానత్వం' అనే వ్రాసి సరిపెట్టుకుంటున్నాము. రెండవదానికి 'సమన్యాయం' అనడం మేలు. ఇది నిఘంటువు తగవు మాత్రమే కాదు.

నివేదిక సమన్యాయానికి రెండు షరతులు పెట్టింది. పుట్టుక, లింగం, కుటుంబ స్థితి బిడ్డ చదువుకు అడ్డు కారాదు. ప్రతి బిడ్డకూ కనీస స్థాయి నైపుణ్యం అబ్బాలి. ఎవరు కాదంటారు? కాని రెండవ షరతు అడుగుమెట్టు సంగతే చెబుతుంది. పేదల బడి ఆ మెట్టును అందుకొని, సంపన్నుల బడి మేడ ఎక్కినా ఆ షరతు నెరవేరినట్లే. పిల్లలను చిన్నతనంలోనే వేరు చేయరాదని నివేదిక చెప్పకపోలేదు. అయితే దానిని విద్యావ్యవస్థకు చేసిన ఐదు సూచనలలో ఒకటిగా చేర్చి ఊరుకున్నది. మా అభ్యంతరం ఇక్కడే. అది పునాది కావలసిన మాట.

ఫిన్లాండు చరిత్రే ఇందుకు సాక్ష్యం. అక్కడ కూడా ఒకప్పుడు పదకొండేళ్ళ ప్రాయంలోనే పిల్లలను రెండు దారులకు విడదీసేవారు. 1968 చట్టంతో అందరికీ ఒకే తొమ్మిదేళ్ళ బడి ఏర్పడింది. 1972లో ఉత్తరాన లాప్లాండులో మొదలై 1977 నాటికి రాజధాని ప్రాంతాన్ని చేరింది. ఒకే బడిలో గణితానికి, భాషలకు వేరు తరగతులు పెట్టే పద్ధతి కూడా 1985లో పోయింది. వెనుకబడిన బిడ్డకు అదనపు బోధన ఆ ఉమ్మడి బడిలోనే లభించింది. ముందు సమానత్వం, దానిపై సమన్యాయం. పీసా పరీక్షలో ఆ దేశపు గణిత సగటు 2003లో 544 ఉండగా 2022లో 484కు పడిపోయిన మాట నిజమే; ఫిన్లాండును స్వర్గంగా వర్ణించేవారు ఇది మరువరాదు.

ఇంగ్లండు తీరు వేరు. పేద విద్యార్థుల పేరిట బడులకు అదనపు నిధులివ్వడం 2011లో ప్రారంభించారు. పదకొండేళ్ళకే పరీక్ష పెట్టి ఏరుకొనే గ్రామర్ స్కూళ్ళు 163 మాత్రం అలాగే ఉన్నాయి.

మనమూ ఈ బాటనే పట్టాము. కొఠారీ కమిషన్ 1966లో ఉమ్మడి పాఠశాలను, ఇరుగుపొరుగు బడిని కోరింది. 2009 విద్యాహక్కు చట్టం ప్రైవేటు బడులలో 25 శాతం సీట్లు పేదలకు చూపింది. మద్రసా నుండి విశ్వవిద్యాలయానికి వెళ్ళిన ఈ వ్యాసకర్తకు ఇటువంటి మేలు పరిచితమే. ఫీజు రాయితీ దొరికింది. తోటివారు పదేళ్ళు బడిలో చదివి వచ్చిన ఆంగ్లం దొరకలేదు.

ఇక మన ఇంటి సంగతి. మైనారిటీ బడులకు ఆ చట్టం వర్తించదని సుప్రీంకోర్టు 2014లో తీర్పు చెప్పింది. మనలో చాలామంది సంతోషించారు. ఆ బడులలో కొన్నింటి ఫీజులు రిక్షా కార్మికుని బిడ్డకు అందనివి. వాటి వార్షిక నివేదికలు కొన్ని తిరగవేశాను. ఉత్తీర్ణుల శాతం అట్టమీదనే ఉన్నది. ఫీజు లేకుండా చేరినవారి సంఖ్య లోపలి పుటలలోనూ కనిపించలేదు.