పిల్లుల చావులు, చెప్పని తేదీలు

2015 డిసెంబరులో డ్వార్ఫ్ ఫోర్‌ట్రెస్ అనే గేమ్‌లో పిల్లులు వరసపెట్టి చచ్చిపోవడం మొదలైంది. మరుగుజ్జులు కొండని తొలుచుకుని లోపల కోట కట్టుకుని బతికే ఆట అది. ఆ నెలలోనే వాళ్ల కోసం కొత్తగా సారా దుకాణాలు తెరిచారు. చూస్తే దుకాణం నిండా పిల్లుల వాంతులు, మూలమూలనా కళేబరాలు. పిల్లులకి ఎవరూ మందు పోయడం లేదు. ఆట రాసిన టార్న్ ఆడమ్స్ కోడ్ తవ్వుకుంటూ పోతే అసలు సంగతి బయటపడింది. తాగిన మరుగుజ్జులు గ్లాసులు ఒలకబోస్తున్నారు, ఆ తడిలో పిల్లులు నడుస్తున్నాయి, తర్వాత తీరిగ్గా కూర్చుని పాదాలు నాక్కుంటున్నాయి. ఒళ్లు నాకి శుభ్రం చేసుకునే అలవాటు ఆయనే ఎప్పుడో పిల్లులకి నేర్పాడు. పాదానికి అంటింది ఒక్క చుక్కే అయినా, కడుపులోకి పోయేసరికి లెక్క మాత్రం నిండు గ్లాసుకి పడుతోంది. పిల్లి ఒంటి బరువుకి నిండు గ్లాసంటే ఇంకేముంది.

ఈ కథ ఇప్పుడు గేములు ఆడనివాళ్లకీ తెలుసు. నాకు ఇందులో నచ్చేది తప్పు దొరికిన తీరు కాదు, ఆ తప్పుని దాచకుండా చెప్పుకున్న తీరు. చిన్న స్టూడియో తన పని గురించి జనానికి ఏం చెప్పాలి, ఎంతవరకు చెప్పాలి, ఎప్పుడు నోరు మూసుకోవాలి అన్నది కోడ్ రాయడం, బొమ్మలు గీయడం లాగే ఒక పనితనం. దాన్ని ఎవరూ నేర్పరు.

ఈ ఆట చేసిన స్టూడియో బే ట్వెల్వ్ గేమ్స్ అంటే అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలో ఉండే ఇద్దరు అన్నదమ్ములే. అన్న జాక్ చదివింది చరిత్ర, ఆటకి కావలసిన కథలూ ఊహలూ ఆయనవి. తమ్ముడు టార్న్ 2005లో స్టాన్‌ఫోర్డ్‌లో గణితంలో డాక్టరేట్ చేసి, ఆ మీదట టెక్సస్‌లో వచ్చిన పరిశోధన ఉద్యోగాన్ని వదిలేసి ఆటకే అంకితమైపోయాడు. 2002లో మొదలుపెట్టి, 2006 ఆగస్టులో తొలి వెర్షన్ ఉచితంగా వదిలారు. బొమ్మలుండవు, అన్నీ అక్షరాలూ గుర్తులే. అక్షరాల్లో ఏది మేకో ఏది రాక్షసుడో కొత్తవాళ్లకి పోల్చుకోవడమే కష్టం. అయినా 2012లో న్యూయార్క్ మోడర్న్ ఆర్ట్ మ్యూజియం తన సేకరణలో చేర్చుకుంది. అప్పట్లో రాబడి మాత్రం ఆడేవాళ్లు ఇష్టంగా పంపే విరాళాలే. డబ్బు పంపినవాళ్లకి బదులుగా క్రేయాన్లతో గీసిన బొమ్మో, ఒక చిన్న కథో వెళ్లేది. నెలనెలా ఎంత వచ్చిందో అంకెతో సహా బయటపెట్టేవారు.

దీనికి తోడు టార్న్ పని డైరీ. ఈ రోజు ఫలానా జంతువు మెడ విరిగితే ఏమవాలో రాశాను, ఈ రోజు ఒక రాజు తన సింహాసనం మీద కాకుండా గోడలో ప్రత్యక్షమయ్యాడు, ఇలాంటి ధోరణిలో సాగుతుంది. నెలకోసారి ఆడేవాళ్లడిగిన ప్రశ్నలకి ఓపిగ్గా జవాబులు. మరుగుజ్జు ఏడిస్తే కన్నీళ్లు నేల మీద పడతాయా అని ఎవరైనా అడిగినా విసుక్కోడు, నిజంగానే కూర్చుని ఆలోచిస్తాడు.

భవిష్యత్తు ప్రణాళిక ఆయనకి లేదనుకునేరు. పేజీలకి పేజీలుంది. ఒకటో వెర్షన్‌కి కావలసిన పనుల జాబితా పెట్టుకుని, అందులో ఎంత శాతం అయిందో దాన్నే వెర్షన్ నంబరు చేశారు. సున్నా తర్వాత 31 అంటే వందలో ముప్ఫయ్యొక్క వంతు అయిందన్నమాట. 2011లో న్యూయార్క్ టైమ్స్ మ్యాగజైన్ వాళ్ల మీద పెద్ద వ్యాసం వేసినప్పుడు, ఇది పూర్తికావడానికి ఇంకో ఇరవయ్యేళ్లు పడుతుందని ఆయన మామూలుగా చెప్పేశాడు. పెట్టుబడిదారుడి ముందు ఈ మాట అంటే మరుక్షణం గేటు బయటుంటాం. విరాళాలు పంపేవాళ్లు మాత్రం పంపుతూనే వచ్చారు. వాళ్లు కొంటున్నది ఇరవయ్యేళ్ల తర్వాత వచ్చే సరుకు కాదు, నిన్న జరిగిన పని. అది డైరీలో కళ్లెదుటే ఉంది.

ఈ తేడా మా మేనల్లుడికి చెప్పబోతే వాడు ఒప్పుకోలేదు. హైదరాబాద్‌లో పగలు ఎవరో విదేశీ కంపెనీ గేముకి గోడలూ తుపాకులూ మోడలింగ్ చేసి పెడతాడు, రాత్రి ఇద్దరు స్నేహితులతో కలిసి సొంత గేమ్ చేస్తున్నాడు. తెలుగు పల్లెలో జాతర, పోయిన మేక, దాని వెనక ఒక పిల్ల. చేతిలో ఆడదగ్గది ఒక్క వీధి మాత్రమే. కానీ రోడ్‌మ్యాప్ బొమ్మ ఉందీ, ముచ్చటేస్తుంది. నాలుగు అధ్యాయాలు, మొబైల్ వెర్షన్, రెండో భాగం, అన్నిటికీ నెలలతో సహా గడులు.

"ఒరేయ్, ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది" అన్నాను.

"రోడ్‌మ్యాప్ పెట్టకపోతే పబ్లిషర్ మెయిల్ కూడా తెరవడు మామయ్యా. విష్‌లిస్టులు ఎక్కడినుంచి వస్తాయి?"

వాడి మాటలోనూ న్యాయం ఉంది. మన దగ్గర విరాళాలతో ఇరవయ్యేళ్లు ఎవరు నడపగలరు? పుణె స్టూడియో నోడింగ్ హెడ్స్ 2017లో 'రాజీ' అనే గేమ్ కోసం కిక్‌స్టార్టర్‌లో జనాన్ని చందాలు అడిగితే అనుకున్న మొత్తం రాలేదు. నిలదొక్కుకుని గేమ్ విడుదల చేసేసరికి 2020 అయింది. మన హైదరాబాద్‌లోనే ఓగర్‌హెడ్ స్టూడియో 2017లో 'అసుర' తెచ్చింది. ఇలా చేతి వేళ్ల మీద లెక్కపెట్టగలిగిన పేర్లున్న చోట, కుర్రాడు కాగితం మీద కలలు గీసుకుంటే తప్పుపట్టడానికి నోరు రాదు. గడుల్లో నెలలు రాయడం దగ్గరే నా పేచీ.

నోరు మూసుకోవడం కూడా ఒక పద్ధతే. ఆస్ట్రేలియాలో అడిలైడ్‌లోని టీమ్ చెర్రీ ముగ్గురి జట్టు. 'హాలో నైట్' 2017లో వచ్చి పెద్ద పేరు తెచ్చింది. దానికి చిన్న అనుబంధంగా అనుకున్నది పెరిగి పెరిగి 'సిల్క్‌సాంగ్' అనే వేరే గేమ్ అయిపోయింది. 2019 ఫిబ్రవరిలో ప్రకటించారు. తర్వాత ఏళ్ల తరబడి దాదాపు మౌనం. ఈ రోజు వార్త లేదు అని రోజూ చెప్పడానికే ఒక యూట్యూబ్ ఛానెల్ నడిచిందంటే అభిమానుల పరిస్థితి అర్థం చేసుకోండి. చివరికి 2025 ఆగస్టులో, రెండు వారాల ముందు తేదీ చెప్పి, సెప్టెంబరు 4న విడుదల చేశారు. కొనేవాళ్ల తాకిడికి స్టీమ్ అనే ఆన్‌లైన్ గేముల దుకాణం కాసేపు మొరాయించింది. ఇన్నేళ్లూ ఏం చేశారని అడిగితే, చేస్తుంటే సరదాగా ఉంది, ఇంకా చేస్తున్నాం అనడం తప్ప చెప్పడానికేముంటుంది అన్న అర్థం వచ్చేలా జవాబిచ్చారు. ఆ మౌనం వాళ్లకి చెల్లింది. ముందు గేమ్ లక్షల కొద్దీ అమ్ముడై ఉన్నవాళ్లకే చెల్లుతుంది కూడా. మా వాడు అలా మౌనంగా కూర్చుంటే, వాడొక గేమ్ చేస్తున్నాడన్న సంగతి వాళ్లమ్మకి కూడా గుర్తుండదు.

ఆడమ్స్ సోదరులకీ డబ్బు అవసరం తోసుకొచ్చింది. అన్నకి చర్మ క్యాన్సర్ వచ్చింది. వైద్యం ఖర్చంటే అమెరికాలో ఏమిటో మనవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు, బీమా కాగితం చేతిలో పట్టుకుని తిరిగే బంధువులు ప్రతి ఇంట్లోనూ ఉన్నారు. ఉచిత వెర్షన్ ఎలాగూ ఉంటుంది, బొమ్మలతో మరో వెర్షన్ అమ్ముతామని 2019 మార్చిలో ప్రకటించారు. మాంట్రియల్‌లోని కిట్‌ఫాక్స్ అనే మరో చిన్న సంస్థ ప్రచురణ బాధ్యత తీసుకుంది. స్టీమ్‌లో విడుదల తేదీ రాయవలసిన చోట, కాలం ఎవరికి తోచినట్టు వారికి అన్న అర్థంలో ఒక ముక్క రాసి ఊరుకున్నారు. మూడున్నరేళ్లు దాటాక, 2022 డిసెంబరు 6న వచ్చింది. నెల తిరిగేసరికి ఐదు లక్షలకి దగ్గరగా అమ్ముడైంది. అలవాటు ప్రకారం నెల లెక్క బయటపెట్టారు. డిసెంబరులో చేతికందిన రాబడి 15 వేల డాలర్ల చిల్లర, అమ్మకాల సొమ్ము చేరిన జనవరిలో 72 లక్షల డాలర్లు. ఆ రెండంకెల్నీ విరాళాల కాలంలో వాడిన గొంతుతోనే చెప్పడం నాకు భలే నచ్చింది. ఇంకొకళ్లయితే ఆ రెండో అంకెతో ఒక వీడియో తీసేవారు.

డబ్బొచ్చాక మార్పులూ వచ్చాయి. ఇన్నేళ్లూ తమ్ముడు ఒక్కడే చూసిన కోడ్‌ని ఇప్పుడు జీతానికి చేరిన మరో ప్రోగ్రామర్ కూడా చూస్తున్నారు. అవసరమే, మంచిదే. పని డైరీకి మాత్రం ఆ పాత రుచి కొంత తగ్గిందని నాకనిపిస్తుంది, వార్తాప్రకటన వాసన అప్పుడప్పుడు తగులుతుంది. ఒక్కడే రాత్రి రెండింటికి రాసుకున్న వాక్యానికీ, నలుగురు చూసి పంపిన వాక్యానికీ తేడా ఉంటుంది కదా.

అయినా చెప్పిన వరస తప్పలేదు. బొమ్మల వెర్షన్‌లో ముందు లేని సాహసయాత్ర పద్ధతిని 2024 ఏప్రిల్‌లో పరీక్షకి పెట్టి, 2025 జనవరిలో పూర్తి రూపంలో ఇచ్చారు. ఇక మిగిలింది ఏళ్లుగా ఊరిస్తున్న పురాణాల పని. ప్రతి కొత్త లోకానికీ దాని సృష్టి కథ దానికే పుట్టాలి, ఆ కథని బట్టి అక్కడ మంత్రాలు పనిచేయాలో లేదో తేలాలి. ఒక లోకంలో అసలు మాయే ఉండకపోవచ్చు, ఇంకోదాంట్లో దేవుడి కలలోంచి కొండలు రాలొచ్చు. దీని నమూనా ఒకటి టార్న్ 2016లోనే చూపించాడు. అది ఆటలోకి దిగాలంటే లోకపటం వ్యవస్థనే మళ్లీ రాయాలంటున్నారు. ఎప్పటికి అనే మాట మాత్రం లేదు.

మా వాడి జాతర గేముకి నేను పెట్టిన షరతు ఒక్కటే. రోడ్‌మ్యాప్ పబ్లిషర్‌కి పంపుకోనీ, జనానికి చూపించేది మాత్రం ఈ వారం అయిన పని. పోయిన ఆదివారం మొదటిది పంపాడు. మేక గుడి తలుపులోంచి సగం దూరి ఇరుక్కుంటోందట, కొమ్ముల కొలత తప్పు. ఇద్దరు స్నేహితుల్లో ఒకడికి నైట్ షిఫ్ట్ పడింది కాబట్టి వచ్చే వారం కూడా మేక అక్కడే ఉంటుందని రాశాడు.