తేదీ లేని వాన

బెసెల్ వాన్ డెర్ కోల్క్ రాసిన 'ది బాడీ కీప్స్ ది స్కోర్' (2014) చదవని కుర్రకారు తక్కువ. 'ట్రామా' అన్న మాట ఇంత చవకైపోడానికి ఆ పుస్తకమూ ఒక కారణమేమో! నేను దాన్ని ఆత్మకూరులో, ముసురు రోజుల్లో చదివాను.

2021 నవంబర్ 19 తెల్లవారుజామున కడప జిల్లాలో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు ఊళ్ళ మీద పడింది. ఆ నీళ్ళే పెన్నలో కలిసి, సోమశిల దాటి ఇటొచ్చాయి. వాన గట్టిగా పడితే ఏటి ఒడ్డున ఇప్పటికీ కునుకు పట్టనివాళ్ళున్నారు. ఉదయగిరి మెట్టలో అదే చప్పుడు పండగ.

ఎందుకిలా? పుస్తకం చెప్పే లెక్క ఇది. మెదడులో అమిగ్డలా ప్రమాదఘంట కొడుతుంది. హిప్పోకాంపస్ ఆ అనుభవానికి చోటూ తేదీ రాసిపెడుతుంది. నుదుటి వెనకున్న భాగం 'ఇప్పుడేం లేదులే' అని సర్దిచెబుతుంది. పీటీఎస్‌డీలో ఘంట మోగుతూనే ఉంటుంది, తేదీ చెరిగిపోతుంది. అందుకే వాళ్ళకి వరద గుర్తురాదు, మళ్ళీ వస్తుంది. మన సినిమాల్లో ఫ్లాష్‌బ్యాక్ వరసగా, పాటతో సహా నడుస్తుంది. నిజానికి వచ్చేది ఒక బురదవాసన, ఒక బర్రె అరుపు, అంతే.

హార్మోన్ల సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. ఒత్తిడి అంటే కార్టిసాల్ పెరగడమేనని మన నమ్మకం. రేచల్ యెహూదా పరీక్షించిన వియత్నాం సైనికుల్లో, హోలోకాస్ట్ బాధితుల్లో పీటీఎస్‌డీ ఉన్నవాళ్ళకి అది తక్కువగా కనిపించింది. ఆ గాభరాని చల్లార్చే పనిలో కార్టిసాల్‌కీ వాటా ఉంది మరి. (తర్వాతి పరిశోధనలన్నీ దీన్ని ఒప్పుకోలేదు.)

దీని పక్కన బెంగళూరు ఎలుకల్ని పెట్టుకు చదవాలి. సుమంత్ర చటర్జీ బృందం 2002లో చూసింది: పది రోజులు కదలకుండా బంధిస్తే హిప్పోకాంపస్ కణాల కొమ్మలు కుంచించుకుపోయాయి, అమిగ్డలాలో మాత్రం పెరిగాయి. ఇరవయ్యొక్క రోజులు విడిచిపెట్టినా అమిగ్డలాలో ఆ పెరుగుదల తగ్గలేదని 2004లో రాశారు.

నా పేచీ ఒకటుంది. భయం తిరగబెట్టినప్పుడు మాటల కేంద్రం మూగబోతుందని వాన్ డెర్ కోల్క్ అంటాడు. దానికి ఆధారం 1996 నాటి స్కానింగ్. అందులో ఉన్నది ఎనిమిదిమంది! దాని మీద 'బాధకి మాటల్లేవు' అన్నంత దూరం వెళ్ళిపోతే ఎలా? 'జడుసుకున్నాడు', 'దడుపు జ్వరం' అనే ఊళ్ళు మనవి. ఏటి ఒడ్డు జనం మాట్లాడుతూనే ఉన్నారు, చెప్పిందే చెబుతూ. మాటల్లేవని నమ్మేస్తే ఇక వాళ్ళ దగ్గర కూర్చునేదెవరు?

మెదడు గురించిన అధ్యాయాలు తప్పక చదవండి. చికిత్సల మీదున్న చివరి భాగం మాత్రం, యోగా నుంచి నాటకం దాకా, ఒక్కోదానికి ఎంత రుజువుందో అడుగుతూ చదవండి.