ప్రవేశపరీక్షకు పరీక్ష

ధాన్యము కొలుచు కుంచమునకు రెండు గుణములుండవలెను. ఒకే రాశిని ఎన్నిసార్లు కొలిచినను ఒకే లెక్క రావలెను. ఆ లెక్క రాశిలోని ధాన్యమునకు నిజముగా సరిపోవలెను. అడుగు సొట్టపడిన కుంచము ప్రతిసారి ఒకే లెక్క చూపవచ్చును. కాని అది తప్పు లెక్కయే. పరీక్షలకును ఈ నియమమే వర్తించును. మొదటి గుణమును విశ్వసనీయత యనియు, రెండవదానిని సప్రమాణత యనియు విద్యాశాస్త్రజ్ఞులు పిలుతురు. ఇంజనీరింగు కళాశాలల ప్రవేశమునకు తెలుగునాట జరుగు పరీక్ష ఈ రెండు గుణములలో ఎంతవరకు నిలుచునో పరిశీలింపదగియున్నది.

కృష్ణానది ఒడ్డున చందర్లపాడు మండలము కలదు. 2022 వరకు కృష్ణా జిల్లాలోనుండి ఇప్పుడు ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరిన ఈ మెట్టప్రాంతమున పత్తి, మిరప ముఖ్యమైన పంటలు. ఇచ్చటి రైతుబిడ్డ ఇంజనీరు కావలెనన్నచో, అతనికి ఏ కళాశాలలో ఏ శాఖ లభించునో ప్రధానముగా ఒక్క ర్యాంకు నిర్ణయించును. ఇంతటి భారము మోయు అంకెను కేవలము గౌరవించుట చాలదు. అది ఎట్లు పుట్టినదో తెలిసికొనవలెను.

1983లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ క్యాపిటేషన్ రుసుమును నిషేధించుచు, విద్యాసంస్థలలో ప్రవేశములను క్రమబద్ధము చేయుచు ఒక చట్టము చేసినది. ప్రవేశములు అర్హతపరీక్ష మార్కులను బట్టియో, ప్రవేశపరీక్ష ర్యాంకును బట్టియో జరుగవలెనని అందు విధించిరి. చిరకాలము ఎంసెట్ అను పేరుతో ప్రసిద్ధమైన పరీక్ష ఈ మార్గమున నడచినదే. వైద్యవిద్య నీట్ పరిధిలోనికి పోయిన పిదప ఆంధ్రప్రదేశ్‌లో 2021లోను, తెలంగాణలో 2024లోను దీని పేరు ఈఏపీసెట్‌గా మారినది.

దీని సుగుణమును మొదట చెప్పుట న్యాయము. డబ్బుగలవాడు బేరమాడి సీటు కొనుటకు ఇది అడ్డుకట్ట వేసినది. దిద్దువాని ఇష్టానిష్టములకు ఇందు తావు లేదు. ప్రాథమిక జవాబుపట్టికను ప్రకటించి, అభ్యంతరములను ఆహ్వానించుట మెచ్చదగిన పద్ధతి. కాని నిష్పక్షపాతము వేరు, కొలత సరిగానుండుట వేరు.

మంచి పరీక్ష ఒక్కనాట తయారు కాదు. పాఠ్యాంశములకు భారత్వము నిర్ణయించి బ్లూప్రింటు వేయవలెను. దాని ననుసరించి ప్రశ్నలు వ్రాయవలెను. ఆ ప్రశ్నలను అసలు పరీక్షకు ముందే కొందరు విద్యార్థులపై ప్రయోగించి చూడవలెను. ఎందరు సరిగా వ్రాసిరో తెలుపునది కాఠిన్యసూచి. తెలిసినవారిని తెలియనివారినుండి ఆ ప్రశ్న ఎంతగా వేరుపరచినదో తెలుపునది విచక్షణసూచి. మొత్తముమీద మంచి మార్కులు వచ్చినవారే ఎక్కువగా తప్పిన ప్రశ్న ఏదైన నున్నచో, లోపము సాధారణముగా ప్రశ్నలోనో, జవాబుపట్టికలోనో ఉండును. అమెరికాలో 1926లో ఆరంభమైన శాట్ పరీక్షలో, మార్కులకు లెక్కింపని క్రొత్త ప్రశ్నలను అసలు ప్రశ్నలతో కలిపి యిచ్చి, వాని గుణమును ముందుగా కనుగొనుట చిరకాలపు ఆచారము.

ఇక మన పరీక్ష నిర్మాణమును చూడవచ్చును. ఇంజనీరింగు విభాగమున గణితమునకు 80, భౌతికశాస్త్రమునకు 40, రసాయనశాస్త్రమునకు 40, వెరసి 160 ప్రశ్నలు. ప్రతి ప్రశ్నకు నాలుగు జవాబులు, ఒకటి సరియైనది. తప్పునకు మార్కు తగ్గింపు లేదు. ర్యాంకునకు కనీసార్హత 25 శాతము, అనగా 40 మార్కులు. షెడ్యూల్డు కులముల, తెగల అభ్యర్థులకు ఈ నియమము లేదు.

ఇందొక వింత కలదు. ప్రశ్నలు చదువకయే గుర్తులు పెట్టువానికి ప్రతి ప్రశ్నలోను నాల్గింట ఒక వంతు అవకాశము. 160 ప్రశ్నలకు సగటున వచ్చునవి సరిగా 40 మార్కులే! సంభావ్యతాశాస్త్రము ప్రకారము అట్టివారిలో సగముకన్న కొంచెము ఎక్కువమంది 40 గాని, అంతకు మించి గాని పొందుదురు. కావున ఈ గీత తెలిసినవానిని తెలియనివానినుండి వేరుచేయజాలదు. అర్హత అను మాటకు అర్థముండవలెనన్నచో, ఏ మార్కు వద్ద నిజమైన పరిజ్ఞానము మొదలగునో పరిశోధించి గీత గీయవలెను.

రెండవది, కొలతలోని దోషము. ఏ కాటాయైనను కొంత అటునిటు చూపును, పరీక్షయు అంతే. 80 మార్కులు పొందిన విద్యార్థికి అదే పాఠములనుండి వేరు 160 ప్రశ్నలు పడియున్నచో అతని మార్కు మారియుండెడిది. ఒక సులభసూత్రము ప్రకారము ఈ ప్రామాణిక దోషము సుమారు 6 మార్కులు. ఆంధ్రప్రదేశ్‌లో ఇంజనీరింగు విభాగమును ఇటీవల రెండు లక్షలకు పైగా అభ్యర్థులు వ్రాయుచున్నారు. వారిని 160 మార్కులమీద పరచినచో ఒక్కొక్క మార్కునకు సగటున వేయిమందికి పైగా నుందురు. అందుచేత నడిమి శ్రేణిలో 6 మార్కుల తేడా వేల ర్యాంకుల తేడా యగును. ర్యాంకును ఒక్క అంకెగా ముద్రించుటచే, అది గీత గీసినట్లు నిర్దిష్టమను భ్రమ కలుగుచున్నది.

మూడవది, సమీకరణము. 2017నుండి ఆంధ్రప్రదేశ్‌లో పరీక్ష కంప్యూటరుమీద, పలు విడతలలో జరుగుచున్నది. విడతకొక ప్రశ్నపత్రము గనుక మార్కులను సరిచేయుటకు ఒక సూత్రము వాడుదురు. ప్రతి విడతలోను సగటునకు ప్రామాణిక విచలనము కలుపగా వచ్చునది ఒక గుర్తు, అగ్రస్థానమునందలి 0.1 శాతము వారి సగటు మరియొక గుర్తు. ఈ రెండింటిని మొత్తము అభ్యర్థుల గుర్తులతో సరిపోల్చి మార్కులను జరుపుదురు. ఊహకు ఒక ఉదాహరణ: విడతలో ఆ గుర్తులు 70, 140 అనియు, మొత్తమున 76, 146 అనియు అనుకొన్నచో, 100 మార్కులు 106 అగును. సూత్రము తెలివైనదే. కాని మార్కులు తగ్గినది పత్రము కఠినమగుటచేతనా, ఆ పూట వచ్చినవారు వెనుకబడుటచేతనా అను ప్రశ్నకు అది జవాబు చెప్పలేదు. విడతలన్నిటిలోను సమానశక్తిగలవారే యున్నారని ముందే అనుకొనును. అన్ని పత్రములలోను కొన్ని ఉమ్మడి ప్రశ్నలుంచినచో ఈ రెండు కారణములను వేరుపరుపవచ్చును.

అన్నిటికన్న ముఖ్యమైనది సప్రమాణత. మంచి ర్యాంకు వచ్చినవాడు కళాశాలలో బాగుగా చదువుచున్నాడా? దీనిని తేల్చుటకు ర్యాంకులను తరువాతి సంవత్సరముల మార్కులతో పోల్చవలెను. ఇందొక చిక్కు కలదు. కల్లములో తాలుకాయ ఏరివేసిన పిమ్మట మిగిలిన మిరపకాయలు చూచి ఏరినవాని నైపుణ్యమును తూచుట కష్టము. అట్లే సీటు దొరకినవారిని మాత్రమే పోల్చినచో పరీక్షకు గల శక్తి ఉన్నదానికన్న తక్కువగా కానవచ్చును. దీనిని సరిచేయు గణితపద్ధతులు కలవు. ఇంటర్మీడియెట్ మార్కులకు 25 శాతము భారత్వమిచ్చుట మేలా కాదా అను ప్రశ్న ఇట్టి పరిశోధనచే తేలవలసినది. ఆంధ్రప్రదేశ్‌లో కోవిడ్ కాలమున కొంతకాలము విడిచిన ఆ భారత్వమును 2023లో మరల చేర్చిరి. తెలంగాణలో 2023లోనే దానిని తొలగించిరి. ఒకే భాష, ఒకే తరగతి పిల్లలకు రెండు విరుద్ధ నియమములు! రెండును ఒకేసారి ఉత్తమములు కాజాలవు.

భాషాప్రశ్నయు కలదు. తెలుగున చదివిన పిల్లవాడు తప్పినది భౌతికశాస్త్రము రాకనా, అనువాదము పొసగకనా? మొత్తము మార్కులు సమానముగా గల రెండు మాధ్యమముల విద్యార్థులను ప్రశ్నవారీగా పోల్చినచో ఇది తెలియును. శాట్ నిర్మాత కార్ల్ బ్రిగమ్ 1923లో బుద్ధిపరీక్షల మార్కులను బట్టి జాతుల హెచ్చుతగ్గులు నిర్ణయించెను. పరభాషాకుటుంబముల పిల్లలపై ఆంగ్లపరీక్ష చేయు అన్యాయమును గుర్తించి, 1930లో తన నిర్ణయమునే ఉపసంహరించుకొనెను. నిర్మాతయే తన కొలమానమును శంకించుట శాస్త్రమునకు భూషణము.

పరీక్షను రద్దుచేయుట దీనికి మందు కాదు. కుంచము సొట్టపడినచో చేసంచులతో అంచనా వేయుట మొదలుపెట్టరు, కుంచమును సరిచేయుదురు. సమాచారపుస్తకమున పాఠ్యప్రణాళిక, మార్కుల విధానము, సమీకరణసూత్రము ఇచ్చుచున్నారు. దానితోపాటు ప్రతి ప్రశ్నయొక్క కాఠిన్య విచక్షణసూచులను, పరీక్ష ప్రామాణిక దోషమును, కళాశాల ఫలితములతో గల సంబంధమును ఏటేట ప్రకటించినచో ప్రజలకు నమ్మకము పెరుగును.

ఉపాధ్యాయులు ఈ విద్యను తమ తరగతిలోనే అభ్యసింపవచ్చును. 40 మంది వ్రాసిన పరీక్షలో పైనున్న 11 మందిని, క్రిందనున్న 11 మందిని వేరుచేసి, ఒక్కొక్క ప్రశ్నకు రెండు గుంపులలో ఎందరు సరిగా వ్రాసిరో లెక్కింపవలెను. పైగుంపున 9, క్రిందిగుంపున 3 అయినచో ఆ ప్రశ్న మంచిది. రెండింటను 6 అయినచో అది ఎవరినీ కొలువలేదు. చందర్లపాడు పాఠశాలలో ఈ లెక్కకు కాగితము, పెన్సిలు చాలును. ప్రశ్నను ప్రశ్నించుట నేర్చిన విద్యార్థి రేపు తన ర్యాంకును చూచి గర్వపడడు, క్రుంగిపోడు. అది ఎంతవరకు నమ్మదగినదో లెక్క వేసికొనును.